నాకు లేని మేనత్త

అమ్మ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. అమెరికాలో, అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా ఇంటి మేడమీది గదే నా ఆఫీసు. బెంటన్‌విల్‌లో తమ్ముడి దగ్గర ఉండే అమ్మకి, పగటిపూట నాకు ఉద్యోగమనేది ఒకటుంటుందని ఎన్నేళ్ళు చెప్పినా తలకెక్కదు. ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది కనుక కెమెరా ఆపి ఎత్తాను.

"మీ మేనత్త పోయిందే," అంది. "సత్యవతి వదినగారు. ఇప్పుడే వాళ్ళబ్బాయి ఇంగ్లండ్ నుంచి ఫోన్ చేశాడు. నిద్దట్లోనే పోయిందంట, మహాతల్లి. లేచి తలకి నీళ్ళు పోసుకో."

"మీటింగులో ఉన్నానమ్మా."

"మీటింగుదేముంది, రేపు పెట్టుకుంటారు. చావు కబురు విన్నాక నీళ్ళు పోసుకోకుండా ఇల్లంతా ముట్టుకుంటావా? నేను పోసేసుకున్నా. తమ్ముడు ఆఫీస్ నుంచి వచ్చాక పోసుకుంటానన్నాడు. నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, నీకేందంట నొప్పి?"

ఫోన్ పెట్టేసి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. తెరమీద ఎవరో ఏదో ప్రాజెక్టు ఎందుకు ఆలస్యమైందో చెప్తున్నారు. చెప్పొద్దూ, నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు, విసుగు. ఎందుకంటే సత్యవతి అత్తయ్య నాకు మేనత్త కాదు. సొంతమూ కాదు, వరసకీ కాదు, దూరపు చుట్టం కూడా కాదు. ఆవిడ పోతే నాకు మైల పట్టదు, మా అమ్మకి పట్టదు, పాపం ఆఫీసు నుంచి ఆకలితో వచ్చి అన్నానికి ముందు తలకి నీళ్ళు పోసుకోవలసిన మా తమ్ముడికి అసలే పట్టదు. ఈ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఇవాళ్టి నుంచి ఒక్కదానికే. ఆ ఒక్కదాన్ని నేనే, అమ్మతో వాదించలేక ఇన్నేళ్ళుగా పళ్ళు బిగబట్టుకుని ఉన్నాను. అది ఎలా జరిగిందో రాస్తాను. రాయబోతుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

కాలేజీలో నేను ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నాను. అదే మా ఇంట్లో మొదటి ఉపద్రవం. "తొమ్మిదో ఏట అమెరికా వచ్చిన పిల్లకి ఇంగ్లీషు రాదా ఏంటి, మళ్ళీ కాలేజీలో నేర్పిస్తున్నారు?" అని గుళ్ళో కలిసిన ఆంటీ ప్రతి ఒక్కరూ అమ్మని అడిగేవారు. అమ్మకి జవాబు దొరికేది కాదు. దొరకని జవాబు ఇంటికొచ్చి నామీద చూపించేది. ఆ చదువులో మూడో ఏట ఒక సెమిస్టర్ ఇంగ్లండ్‌లో చదివే వీలుందని తెలిసినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టలేదు. అందరూ నేనేదో పుస్తకాల్లో చదివిన వీధులూ వానలూ చూడ్డానికి తహతహలాడుతున్నాననుకున్నారు. అదేం కాదు. నాకు కావలసింది ఒక్కటే, హాస్టల్లో ఒక గది. తలుపు వేసుకుంటే, "ఏం చేస్తున్నావే లోపల?" అని ఎవరూ అడగని గది. మా ఇంట్లో తలుపు వేసుకోవడమంటే బట్టలు మార్చుకోడానికే. అంతకుమించి ఒక్క నిమిషం ఎక్కువైతే అమ్మ గొంతు వినపడేది. ఇరవయ్యేళ్ళ పిల్లకి ఇంతకంటే పెద్ద కోరిక అక్కర్లేదు. అది తీరడానికి అట్లాంటిక్ దాటితే సరిపోతుందనుకున్నాను.

అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. "అక్కడ మనవాళ్ళెవరన్నా ఉంటే పో. లేకపోతే లేదు." ఉండరనుకున్నాను, ఉండకపోతే బతిమాలో ఏడ్చో ఒప్పించొచ్చనుకున్నాను. కానీ 'మనవాళ్ళు' అనే మాటకి మా అమ్మ దగ్గర ఎంత సాగే గుణం ఉందో అప్పటికి నాకు తెలీదు. గుళ్ళో ఎవరినో అడిగితే, వాళ్ళు న్యూజెర్సీలో ఎవరికో ఫోన్ చేస్తే, వాళ్ళు ఇంకెవరి తోడికోడలి నంబరో ఇస్తే, రెండు వారాలు తిరక్కుండా మధ్య ఇంగ్లండ్‌లో, నేను వెళ్ళవలసిన ఊరికి బస్సు దూరంలో, ఒక డాక్టరు గారి భార్య దొరికింది. ఆవిడ పుట్టింటివారు వేమవరపువారు. మా ఇంటిపేరూ వేమవరపే. అమ్మ ఫోన్లో అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏ ఊరండీ మీది? కొత్తపల్లా? అయ్యో, మావారిదీ కొత్తపల్లేనండీ." అంతే. అక్కడితో విచారణ ముగిసింది. ఆంధ్రదేశంలో కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఏదో ఒక కొత్తపల్లిలో పడుతుంది. ఆ ముక్క అమ్మకి తెలీక కాదు, తెలుసుకోవాలని లేక. పెళ్ళైన ఆడమనిషిని గోత్రం అడిగినా మొగుడి గోత్రమే చెప్తుంది కనుక అదీ అడగలేదు.

నాన్న మాత్రం పేపర్లోంచి తలెత్తకుండా, "ఎవరి కూతురంట?" అన్నాడు. "మీ పెదతాతల్లో ఎవరో ఒకరి మనవరాలై ఉంటుంది, మీకు అక్క వరస," అని అమ్మే తేల్చేసింది. "ఉండొచ్చు," అన్నాడు నాన్న. మా నాన్న బతికున్నంత కాలం మాట్లాడిన మాటల్లో సగం 'ఉండొచ్చు'లే. నిజానికి అమ్మకి ఆ రోజు పట్టరాని సంతోషం. నాన్నకి అక్కచెల్లెళ్ళు లేరు. పెళ్ళైన ఇన్నాళ్ళకి ఆవిడకి ఒక ఆడపడుచు దొరికింది, అదీ సముద్రం అవతల, వచ్చి పెత్తనం చేయలేనంత దూరంలో. అలాంటి ఆడపడుచుని ఎవరు వదులుకుంటారు? నా హాస్టల్ గది ఆ ఫోన్‌కాల్లో కొట్టుకుపోయింది.

నాతో కలిసి వచ్చిన వాళ్ళందరూ ఎయిర్‌పోర్ట్ నుంచి ఒకే బస్సులో యూనివర్సిటీ హాస్టల్‌కి వెళ్ళిపోయారు. నా స్నేహితురాలు ఎమిలీ కిటికీలోంచి చెయ్యూపింది. నేను డాక్టరు మామయ్య వెంట ఆయన కారెక్కాను. ఆయన పొడుగాటి మనిషి, మెడకి మఫ్లరు, లోపల కార్డిగన్. దారిపొడుగునా వాతావరణం గురించే మాట్లాడారు. ఇవాళ పొద్దున్న ఎండ కొంచెం మెరిసిందట, సాయంత్రం జల్లు ఉందట, రేపటి సంగతి రేడియో వింటేగానీ చెప్పలేరట. తర్వాత తెలిసింది, ఆయన రిటైరైనప్పటి నుంచీ మాట్లాడేది అదొక్కటేనని. అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. పొట్టిగా, గుండ్రంగా, పట్టులాంటి తెల్లజుట్టు గట్టిగా ముడేసుకుని, చీరమీద స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు, ఆ మేజోళ్ళ మీద హవాయి చెప్పులు. "వచ్చావా తల్లీ. చెయ్యి కడుక్కో, అన్నం తిందువుగాని," అంది. నేను చేసిన ప్రయాణమంతా పక్కవీధి నుంచే అన్నట్టు.

ఆ మొదటి భోజనం బాగా గుర్తు. ఆనపకాయ పులుసు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అత్తయ్యా, ఇందులో బెల్లం ఎందుకు వేశారు?" అన్నాను. మా ఇంట్లో పులుసంటే కళ్ళవెంబడి నీళ్ళు రావాలి. అత్తయ్య గరిట పట్టుకుని నావంక కాస్త ఎక్కువసేపే చూసింది. "తినమ్మా, అలవాటవుద్ది," అని ఇంకో గరిట వడ్డించింది.

అలవాటు కాలేదు. ఏదీ కాలేదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని వారం తిరిగేసరికి అర్థమైంది. మా అమ్మ ఉద్యోగానికి వెళ్ళొచ్చే మనిషి కాబట్టి కనీసం పగలు ఆవిడ కళ్ళు నామీద ఉండేవి కావు. అత్తయ్యకి వేరే పనే లేదు. పొద్దున్నే తలుపు కొట్టి లేపేది. కొట్టడమంటే రెండు దెబ్బలు, వెంటనే తలుపు తెరవడం. ఆవిడ లెక్కలో గడియ పెట్టుకునేది దొంగలకి భయపడి, ఇంట్లోవాళ్ళకి భయపడి కాదు. వేణ్ణీళ్ళ ట్యాంకు స్విచ్చి పొద్దున అరగంటే వేసేవారు, ఆ అరగంటలోనే ముగ్గురి స్నానాలూ అయిపోవాలి. స్నానాలగదిలో నేలమీద కార్పెట్. ఇప్పటికీ నాకు అర్థం కాని ఇంగ్లండ్ అది. వేణ్ణీళ్ళకో కొళాయి, చన్నీళ్ళకో కొళాయి. ఒకదాని కింద పెడితే చెయ్యి కాలుతుంది, ఇంకోదాని కింద పెడితే కొంకర్లు పోతుంది. ఈ రెంటినీ కలపడానికి అత్తయ్య తొట్టిలో ఒక ఎర్రటి ప్లాస్టిక్ బకెట్, అందులో ఒక స్టీలు చెంబు పెట్టింది. షవరు ఒకటి ఉండేది, దాని జోలికి వెళ్ళనిచ్చేది కాదు. "దాని కింద నిలబడితే తడుస్తారు, అది స్నానం కాదు. స్నానమంటే తలమీంచి పోసుకోవాలి," అనేది. శుక్రవారం తలంటి. తల ఆరేదాకా గ్యాస్ హీటరు ముందు పీటమీద కూర్చోబెట్టేది. కాలేజీలో ఆ పూట ఏ ఉపన్యాసమున్నా ఆవిడకి అక్కర్లేదు, తడితలతో గడప దాటనిచ్చేది కాదు.

ఆ దేశపు ఇళ్ళల్లో వేణ్ణీళ్ళ ట్యాంకు చుట్టూ ఒక అలమర ఉంటుంది. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది గనక ఉతికిన బట్టలు తడి ఆరడానికి అందులో పెడతారు. అత్తయ్య అందులో ఇడ్లీ పిండి పులియబెట్టేది. కింద అరలో పిండి గిన్నె, దాని పక్కన తోడేసిన పాలు, పై అరలో నా స్వెట్టర్లు. నేను రెండు బస్సులు మారి, వానలో తడిసి, క్లాసులో వెళ్ళి కూర్చుంటే ఆ తడికి నా ఒంట్లోంచి పులిసిన మినప్పిండి వాసన కమ్మేసేది. ఒకరోజు ఎమిలీ గట్టిగా ముక్కెగబీల్చి, ఎక్కడో బ్రెడ్డు కాలుస్తున్నారు, ఎంత బాగుందో అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంటికొచ్చి అత్తయ్యతో చెప్తే, "మరి? మంచి వాసనేగా," అంది.

రాత్రి భోజనాలయ్యాక ఇంకో శిక్ష. ఎవరో పంపగా ఓడలో వచ్చిన పాత తెలుగు వారపత్రికలు అటకమీద కట్టలుగా ఉండేవి. అత్తయ్యకి కళ్ళు మసకలు. నన్ను సీరియల్ చదవమనేది. నాకు తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం చిన్నప్పుడే ఆగిపోయింది. ఒత్తుల దగ్గర తడబడితే ఆవిడ కళ్ళు మూసుకునే సరిచేసేది. ఇంగ్లీషు చదవడానికి ఇంగ్లండ్ వెళ్ళి, హాస్టల్లో అందరూ పబ్‌లకి పోతుంటే, నేను గ్యాస్ హీటరు ముందు కూర్చుని, కోడల్ని కాల్చుకుతినే ఒక అత్తగారి కథ కూడబలుక్కుంటూ చదివేదాన్ని. తీరా ఆఖరి సంచిక ఆ కట్టలో లేదు. ఆ కోడలు ఏమైందో ఇవాళ్టికీ తెలీదు. మామయ్య మధ్యలో తలెత్తి, "రేపు పొగమంచంట," అనేవారు.

పైగా పొద్దస్తమానం అమెరికాని ఆడిపోసుకోవడం. మీ అమెరికాలో మంచినీళ్ళలో ఐసుముక్కలు వేసుకుంటారంట కదా, మీ అమెరికాలో కారు లేకపోతే పక్కింటికి కూడా పోలేరంట కదా, మీ అమెరికాలో పిల్లలు పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలుస్తారంట కదా. నేనే ఆ దేశానికి అధ్యక్షురాలినైనట్టు ప్రతిదానికీ నన్ను జవాబు చెప్పమనేది. ప్రతి ఆదివారం అమ్మ ఫోన్ చేసేది. ముందు వదినా మరదళ్ళ మాటలు అరగంట, తర్వాత నాకు మిగిలింది రెండు నిమిషాలు. "వదినగారు చెప్పినట్టు విను," అనడానికే ఆ రెండు నిమిషాలు సరిపోయేవి.

ఇలా ఉండగా సెమిస్టర్ సగంలో హాస్టల్లో ఎమిలీ పక్కగదిలో అమ్మాయి ఇంటిమీద బెంగపెట్టుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. గది ఖాళీ. ఎమిలీ వార్డెన్‌ని అడిగేసింది, వచ్చే సోమవారం లోపల చెప్తే నాకే ఇస్తారు. నేను వెళ్ళి చూశాను. మంచం, బల్ల, కిటికీ, తలుపు. తలుపుకి లోపలివైపు గడియ. ఆ గడియ వేసి తీసి చూశాను. ఇంటికెళ్ళే బస్సులో, అమ్మని ఏమని ఒప్పించాలా అని బుర్ర బద్దలుకొట్టుకున్నా ఒక్క దారీ కనపడలేదు.

దారి నాన్న చూపించాడు, ఆయనకి తెలీకుండానే. ఆ ఆదివారం అమ్మ గుడికి వెళ్ళిందట, ఫోన్ నాన్న చేశాడు. నాన్నతో ఏం మాట్లాడాలో ఎప్పుడూ తెలిసేది కాదు. ఎదురుగా గోడకి అత్తయ్య వాళ్ళ నాన్నగారి ఫొటో ఉంది. ఆయన వాకిట్లో పడకకుర్చీలో కూర్చుని ఉంటారు, వెనకాల నిండుగా పారే కాలవ, కాలవలో పడవ, గట్టుపొడుగునా కొబ్బరిచెట్లు. రోజూ చూసేదే. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని, "నాన్నా, మన కొత్తపల్లి కాలవలో ఇంకా పడవలు తిరుగుతాయా?" అన్నాను.

"కాలవేందమ్మా? మనూళ్ళో తాగడానికే నీళ్ళుండవు. అంతా మెట్ట. మిరప చేలేగా."

"మరి కొబ్బరిచెట్లు?"

"ఎక్కడియ్యి? మీ నాయనమ్మకి దేవుడి కాడ కొట్టడానికి కొబ్బరికాయ కావాలంటే బస్సెక్కిపోయి తెచ్చేవాళ్ళం. ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే," అన్నాను. ఫోన్ పెట్టేసి మళ్ళీ ఫొటో వంక చూశాను. పల్నాటి కొత్తపల్లి మాది. గోదావరి కాలవగట్టు కొత్తపల్లి వీళ్ళది. ఊరికే అంటే నాన్న ఇంకేం గుచ్చి అడగలేదు, అడిగే మనిషి కాదు. నాకు కోపం రావలసింది. దానికి బదులు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చుట్టరికం లేనప్పుడు ఈ ఇంట్లో నేనుండే పనేముంది? హాస్టల్ గది నాదే.

మామయ్య తోటలో మొక్కలకి మంచు తగలకుండా సంచులు కడుతున్నారు. అత్తయ్య వంటింట్లో ఉంది. వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పాను. "అత్తయ్యా, మీ కొత్తపల్లి, మా కొత్తపల్లి ఒకటి కాదు. మనకి చుట్టరికం లేదు."

ఆవిడ పులుసులో గరిట తిప్పుతూ, "ఇప్పటికి తెలిసిందా?" అంది.

"మీకు ముందే తెలుసా?"

"నువ్వొచ్చిన రోజే తెలిసింది. పులుసులో బెల్లం ఎందుకేశారని అడిగావు. మా వేమవరపోళ్ళింట్లో పుట్టిన పిల్ల ఆ మాటడగదు. బెల్లం తగ్గిందేంటని అడుగుద్ది."

"మరి చెప్పలేదేం?"

"ఏవని చెప్పమంటావ్? సముద్రం దాటొచ్చిన ఆడపిల్లని, పెట్టె కింద పెట్టకముందే, నువ్వు మా పిల్లవి కాదమ్మా అనాలా? అన్నం పెట్టాను, తిన్నావు. రెండో రోజూ తిన్నావు. ఇంకెప్పుడు చెప్తాం?"

అయినా నేను పట్టు వదల్లేదు. "అయితే ఇవాళే అమ్మకి చెప్పేస్తాను. హాస్టల్లో గది ఖాళీగా ఉంది. అక్కడికి వెళ్ళిపోతాను," అన్నాను.

"చెప్పు. ఎల్లుండికి విమానం ఎక్కించేస్తుంది." అత్తయ్య పొయ్యి ఆపింది. "మీ అమ్మ నిన్ను పంపింది ఇంగ్లండ్‌కి కాదు, మేనత్తింటికి. మేనత్తే లేదన్నాక నీకు ఇంగ్లండ్ ఎందుకు? ఇన్నాళ్ళు ఎవరో ముక్కూమొహం తెలీనోళ్ళింట్లో పిల్లనుంచానని గుండె బాదుకోదూ?"

ఎంత తెలివితక్కువదాన్నో అప్పుడు తెలిసింది. నిజం చెప్తే గది పోవడమే కాదు, సెమిస్టరే పోతుంది. కుర్చీలో కూలబడ్డాను. కోపంతోనో ఉడుకుమోత్తనంతోనో కళ్ళవెంట నీళ్ళు వచ్చాయి.

"ఆ గదంటే అంతిష్టమా?" అంది అత్తయ్య.

"ఊఁ."

"ఇక్కడేం కష్టంగా ఉంది?"

చెప్పేశాను. తలుపు సంగతి, పిండి వాసన సంగతి, తలంటి సంగతి, సీరియల్ సంగతి, అన్నీ. ఆవిడ ముఖం కొంచెం చిన్నబోయింది, అది నాకు కనపడింది. తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుని హాల్లోకి వెళ్ళి ఫోన్ తీసింది. అమెరికాలో అమ్మ అప్పుడే గుడినుంచి వచ్చినట్టుంది.

"శారదా, నేనే. పిల్లని హాస్టల్‌కి పంపిస్తన్నాను," అంది. ముందూ వెనకా లేకుండా. "లేదమ్మా, ఏం తప్పు చెయ్యలేదు, బంగారం లాంటి పిల్ల. రెండేసి బస్సులు మారి చిక్కి సగమైపోయింది. ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోద్ది. ముందు పరీక్షలు. నాకు మనసొప్పడం లేదు... నువ్వేం బెంగపెట్టుకోకు, ఆదివారం ఆదివారం నేను చూసుకుంటాను... చూడు శారదా, మేనత్తని, నాకా మాత్రం హక్కు లేదా?"

అవతల అమ్మ గొంతు నాకు కూడా వినపడింది. "అయ్యో, అంత మాటెందుకు వదినగారూ. మీ ఇష్టం. మీకంటే మాకెవరున్నారు?" నేను పుట్టిన తర్వాత మా అమ్మ ఎదురు ప్రశ్న వేయకుండా ఒప్పుకున్న మొదటి సంగతి అదే. నేను మూడేళ్ళు ఏడ్చినా జరగనిది ఆడపడుచు ఒక్క మాటతో చేసేసింది. అత్తయ్య ఫోన్ పెట్టేసి, "సామాను సర్దుకో. ఆ స్వెట్టర్లు ఎండలో వెయ్యి, వాసన పోద్ది. మీ మామయ్యని అడుగు, ఎండెప్పుడొస్తుందో చెప్తారు," అంది. ఈ నిజం ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా రేపు జల్లు పడుతుందనేవారు.

హాస్టల్ బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. మొదటి సాయంత్రం గడియ వేసుకుని మంచంమీద కూర్చుంటే ఎవరూ ఏమీ అడగలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా, తిండి చప్పిడి గడ్డిలా ఉన్నా, పబ్‌లకి వెళ్ళాను, ఎమిలీతో స్కాట్లండ్ వెళ్ళి వానలో తడిసి, జ్వరం తెచ్చుకుని, మందు వేసుకోమని ఎవరూ వెంటపడకుండా తగ్గించుకున్నాను. ఆదివారాలు మాత్రం రెండు బస్సులెక్కి అత్తయ్య ఇంటికి వెళ్ళేదాన్ని. మొదట్లో ఒప్పందం కనుక వెళ్ళాను. తర్వాత ఎందుకు వెళ్ళానో అడిగితే చెప్పలేను. భోజనం, సీరియల్, అమెరికా మీద నాలుగు ఎత్తిపొడుపులు, మళ్ళీ బస్సు. తిరిగి వచ్చేసే ముందు ఆఖరి ఆదివారం అన్నం కలుపుకుని, ఒక ముద్ద తిని, "బెల్లం తగ్గిందేంటి అత్తయ్యా?" అన్నాను. నిజంగానే తగ్గింది, ఆటపట్టించడానికి అన్నది కాదు. ఆవిడ బెల్లం డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ తర్వాత మేమిద్దరం ఆ సంగతి ఎత్తుకోలేదు. ఎత్తే వీలు అమ్మ ఇవ్వలేదు కూడా. అట్లాంటాలో నా పెళ్ళికి టికెట్ పంపి మరీ పిలిపించింది. పెళ్ళికూతుర్ని చేసినప్పుడు మొదటి బొట్టు మేనత్తే పెట్టాలని పట్టుబట్టింది. అత్తయ్య బొట్టు పెడుతూ, నాకు మాత్రమే వినపడేలా, "ఏం చేస్తాం, పెట్టించుకో," అంది. నాకు నవ్వాగలేదు, పెళ్ళికూతురు పళ్ళికిలిస్తోందని అమ్మ తిట్టింది. మామయ్య పోయినప్పుడు, నాన్న పోయినప్పుడు, ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ స్నానాలు జరిగాయి. ప్రతిసారీ నాలో నేను గొణుక్కున్నాను. గొణుక్కుంటూనే నీళ్ళు పోసుకున్నాను. ఉగాదికి పలకరింపులు, దీపావళికి పలకరింపులు, ఎవరికి మోకాళ్ళు ఎక్కువ నొప్పో అమ్మతో పోటీలు. సొంత వదినా మరదళ్ళు ఇంత కాలం ఇంత సఖ్యంగా ఉన్న ఇల్లు నేనైతే చూడలేదు.

ఇప్పుడు మా అమ్మాయి తన్వికి కాలేజీలో మూడో ఏడు. వచ్చే సెమిస్టర్ ఇంగ్లండ్ వెళ్తోంది. హాస్టల్ గది ఫోన్లోనే చూసుకుంది, ఫోన్లోనే తీసుకుంది. నన్ను అడగలేదు, చెప్పింది. నేను 'మనవాళ్ళు' అనే మాట నోట్లోంచి తీయబోతే, "అమ్మా, ప్లీజ్. నా లొకేషన్ నీ ఫోన్లో ఉంటుంది కదా, ఇంక ఎవరు కావాలి?" అంది. నిజమే. అది ఎక్కడుందో నా ఫోన్లో నీలం చుక్క చెప్తుంది. తిన్నదో లేదో చెప్పదు, తలారిందో లేదో చెప్పదు. పోయిన నెల నేను దానికి తెలీకుండా అత్తయ్యకి ఫోన్ చేశాను, మా అమ్మ నాకు చేసిన పనే చేస్తున్నానని తెలిసే. "పంపించు, మేడమీది గది అలాగే ఉంది," అంది అత్తయ్య. గొంతు నీరసంగా ఉంది. "ఉండమని బలవంతం చెయ్యకు. ఆదివారం అన్నానికి రమ్మను చాలు. పులుసులో బెల్లం ఉంటుందని ముందే చెప్పు, లేపోతే అది కూడా అడుగుద్ది." సరేనన్నాను. తన్వికి ఎలా చెప్పాలో ఆలోచిస్తూ రోజులు గడిపేశాను. ఇంకిప్పుడు చెప్పే పని లేదు.

మీటింగు ఎప్పుడు అయిపోయిందో తెలీదు. తెరమీద ఎవరూ లేరు. అప్పుడొచ్చింది దుఃఖం, ఇంతసేపూ ఎక్కడుందో. లేచి కిందికి వెళ్ళాను. గరాజ్‌లో తోటపనికి వాడే బకెట్ ఉంది, దాన్ని తోమి కడిగాను. వంటింట్లోంచి స్టీలు చెంబు తీసుకున్నాను. స్నానాలగదిలో షవరు జోలికి వెళ్ళకుండా బకెట్ నింపి, గడియ వేసుకుని, తొట్టిలో కూర్చుని తలమీంచి చెంబుతో పోసుకున్నాను. నాకు పట్టని మైల, నాకు అక్కర్లేని స్నానం. ఆగకుండా పోసుకున్నాను.

సెలవులకి ఇంటికొచ్చిన తన్వి తలుపు కొట్టింది. "అమ్మా, ఈ టైమ్‌లో బాత్ ఏంటి? షవర్ సౌండ్ కూడా లేదు. ఏం చేస్తున్నావ్ లోపల?"

"తలకి నీళ్ళు పోసుకుంటున్నానే," అన్నాను. "మా మేనత్త పోయింది."